వజ్రాలు కనపడని వజ్రాల దేశం: బోట్స్వానా, జాంబియా పొదుపులు పోల్చిన ఒక కేస్ స్టడీ

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు కింద కొన్నేళ్లుగా ఒకే పని చేయిస్తున్నాను: రెండు దేశాలు తీసుకోండి, ఒక్కో దేశం ఏడాదికి ఎంత వెనకేసుకుందో చూడండి, అందులోంచి భూమిలో తవ్వి అమ్ముకున్నదీ, అడవి నరికిందీ, గాలి పాడుచేసిందీ తీసేయండి, మిగిలింది పక్కపక్కన పెట్టండి. దీన్ని ప్రపంచ బ్యాంకు అడ్జస్టెడ్ నెట్ సేవింగ్స్ అంటుంది, తెలుగులో సవరించిన నికర పొదుపు అనుకుందాం. ఈసారి ఆరుగురు పిల్లల గ్రూపు బోట్స్వానా, జాంబియా తీసుకుంది. వాళ్ల మొదటి డ్రాఫ్టు చివర్లో 'వనరులు కరిగించుకున్న జాంబియా కంటే బోట్స్వానా ఎంతో మేలుగా పొదుపు చేసింది' అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే అదే మాట నేను కూడా క్లాసులో చాలా ఏళ్లు చెప్పాను.

ఈ జంట ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండూ ఇరుగుపొరుగు దేశాలు, మధ్యలో జాంబెజీ నది, దాని మీద కజుంగుల దగ్గర వంతెన 2021లో తెరిచారు. జాంబియాకు 1964 అక్టోబర్ 24న, బోట్స్వానాకు 1966 సెప్టెంబర్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి జాంబియా రాగితో కళకళలాడుతున్న దేశం. బోట్స్వానా దగ్గర ఉన్నది సుమారు 12 కిలోమీటర్ల తారు రోడ్డు, యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాళ్లు 22 మంది, మిగతాదంతా పశువులూ కరువూ. మరుసటి ఏడాది 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి, 1971లో గని మొదలైంది, 1982లో జ్వానెంగ్ గని వచ్చింది, అక్కడినుంచి ఆ దేశం కథే మారిపోయింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశం మొత్తం మీద ఉన్నది 24 లక్షల లోపు మనుషులు, మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011లోనే 40 లక్షలు దాటాం. ఇంకో సంగతి, వాళ్ల కరెన్సీ పేరు పులా. సెట్స్వానా భాషలో పులా అంటే వాన. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే మన వానలను చూసి పెరిగిన పిల్లలకు ఈ ఒక్క మాటతో ఆ దేశం ఎంత దగ్గరైపోయిందో నేను కళ్లారా చూశాను.

ముందు మా ఇంటి లెక్క

దేశాల అంకెల్లోకి పోకముందు నేను ఎప్పుడూ మా నాయన చీనీ తోట లెక్క చెప్తాను. ఈ పద్ధతి అర్థం కావడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు దొరకలేదు.

2001 ప్రాంతంలో మా తోట కాపు బాగుండేది. గుండ్రటి అంకెల్లో చెప్తాను. ఏడాదికి లక్ష రూపాయల రాబడి, ఇంటి ఖర్చులు 70 వేలు, పోస్టాఫీసు పాసుబుక్కులో 30 వేలు పడేవి. ఊళ్లో మా నాయనను పొదుపరి అనేవాళ్లు. ఆ 30 వేలే దేశాల లెక్కలో స్థూల పొదుపు. మోటారు, పైపులు, స్టార్టరు ఏడాదికి ఓ 6 వేల మేర అరుగుతాయి, అది తీసేస్తే 24 వేలు, దీన్ని నికర పొదుపు అంటారు. మామూలు జాతీయ లెక్కలు ఇక్కడికి వచ్చి ఆగిపోతాయి.

సవరించిన లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆ 70 వేల ఖర్చులో నా చదువుకు పెట్టింది 12 వేలు ఉంది, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎం.ఏ. ఫీజు, హాస్టలు, పుస్తకాలు. మామూలు లెక్కలో అది తిండిఖర్చు లాంటిదే, పోయినట్టే. ఈ లెక్కలో అది మనిషి మీద పెట్టిన పెట్టుబడి, కాబట్టి తిరిగి కలుపుతారు. 36 వేలు అయింది. ఇప్పుడు నీళ్లు. బోరు నీళ్ల వల్ల కూలీ, ఎరువు, మందులు అన్నీ పోను ఏడాదికి 60 వేలు మిగిలేది, ఆ నీళ్లు ఇంకో ఆరేళ్లు వస్తాయనుకుందాం. రేపు వచ్చే రూపాయి ఈ రోజు రూపాయి కంటే తక్కువ విలువైనది కాబట్టి, ఏడాదికి 60 వేల చొప్పున ఆరేళ్ల రాబడిని 4 శాతం తగ్గింపు రేటుతో ఈ రోజు విలువకు మారిస్తే సుమారు 3 లక్షల 14 వేల 500 వస్తుంది. దాన్ని మిగిలిన ఆరేళ్లతో భాగిస్తే 52 వేల 400. ఇది ఆ ఏడాది మేము వాడేసుకున్న నీటి ఆస్తి విలువ. 36 వేలలోంచి 52,400 తీసేస్తే పదహారు వేల చిల్లర మైనస్.

పాసుబుక్కులో 30 వేలు ప్లస్, నిజంగా చూస్తే 16 వేలు మైనస్. తర్వాత ఏం జరిగిందో అనంతపురం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బోరు అడుగంటింది, మూడు కొత్త బోర్లు వేయించాం, మూడింట్లోనూ నీళ్లు పడలేదు, పోస్టాఫీసు డబ్బు మొత్తం ఆ గుంతల్లోకే పోయింది, ఎండిన చీనీ చెట్లను నాయన తన చేతులతోనే కొట్టించాడు. ఆ ఇంట్లో చివరికి మిగిలిన ఆస్తి నా చదువొక్కటే. అందుకే ఈ లెక్క నాకు పాఠ్యపుస్తకంలో విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

ప్రపంచ బ్యాంకు దేశాలకు చేసేది కూడా ఇదే పని. స్థూల జాతీయ పొదుపు తీసుకుంటారు, యంత్రాలూ భవనాల అరుగుదల తీసేస్తారు, విద్య మీద పెట్టిన నడిపే ఖర్చు, అంటే జీతాలూ అవీ, కలుపుతారు. స్కూలు కట్టడానికి అయిన ఖర్చు ఇందులో కలపరు, అది అప్పటికే పెట్టుబడి కింద లెక్కలో ఉంటుంది. తర్వాత బొగ్గు, ముడిచమురు, సహజవాయువు తరుగుదల, ఖనిజాల తరుగుదల, పెరుగుదలను మించి నరికిన అడవి విలువ, బొగ్గుపులుసు వాయువు నష్టం, గాలిలోని సన్నని ధూళి వల్ల ముందే చనిపోయినవాళ్ల సంపాదన నష్టం, ఇవన్నీ తీసేస్తారు. వచ్చింది స్థూల జాతీయ ఆదాయంలో ఎంత శాతమో చూపిస్తారు. వరసగా కొన్నేళ్లు మైనస్ వస్తే ఆ దేశం ఆస్తులు అమ్ముకుని బతుకుతోందని అర్థం. దీని వెనక ఆలోచన పాతది: తరిగిపోయే వనరు మీద వచ్చిన మిగులంతా మళ్లీ వేరే ఆస్తిలో పెడితేనే తర్వాతి తరాల బతుకు తగ్గకుండా ఉంటుందని ఆర్థికవేత్త జాన్ హార్ట్విక్ 1977లో చూపించాడు, డేవిడ్ పియర్స్, గైల్స్ అట్కిన్సన్ 1993లో దాన్ని దేశాలకు కొలతగా మార్చారు. మన దేశంలో కూడా పార్థా దాస్‌గుప్తా అధ్యక్షతన ఒక నిపుణుల కమిటీ 2013లో హరిత జాతీయ లెక్కలు ఎలా ఉండాలో రిపోర్టు ఇచ్చింది.

షీట్లో దొర్లిన తప్పులు

మొదటి వారం పిల్లలు తెచ్చిన షీటులో బోట్స్వానా స్థూల పొదుపు జీడీపీలో శాతంగా ఉంది, జాంబియాది జాతీయ ఆదాయంలో శాతంగా ఉంది. ప్రపంచ బ్యాంకు డేటాలో రెండు సిరీసులూ ఉన్నాయి, పేర్లు దాదాపు ఒకటే, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. గనుల్లో విదేశీ వాటాలున్న దేశాల్లో లాభం బయటికి పోతుంది కాబట్టి ఈ రెండు కొలతలకూ తేడా వస్తుంది, కలపకూడదు. అలాగే చివరి అంకె కూడా రెండు రకాలుగా దొరుకుతుంది, ధూళి నష్టం తీసేసినది ఒకటి, తీసేయనిది ఒకటి. ఒక దేశానికి ఇది, ఇంకో దేశానికి అది తీసుకున్నారు. ఈ రెండూ గంటలో సర్దుకున్నాయి.

మూడో తప్పు పెద్దది. ఖనిజాల తరుగుదల అని ఉన్నచోట ఇద్దరు పిల్లలు ఖనిజాల మిగులు, అంటే రెంట్, అంకెలు వేశారు. రెంట్ అంటే తవ్విన సరుకు ధరలోంచి తవ్వడానికైన ఖర్చు పోను మిగిలింది. తరుగుదల అంటే నేల కింద మిగిలి ఉన్న నిల్వ మొత్తం విలువను అది ఇంకెన్నేళ్లు వస్తుందో ఆ ఏళ్లతో భాగించినది. మా తోట లెక్కలో రెంట్ 60 వేలు, తరుగుదల 52,400. అదే బోరు ఇంకో 25 ఏళ్లు వస్తుందనుకుంటే తరుగుదల సుమారు 37,500కి పడిపోతుంది, అప్పుడు మా ఇంటి పొదుపు మైనస్ పదహారు వేలు కాదు, మైనస్ పదిహేను వందలే. అదే నీళ్లు, అదే పంట, ఒక్క ఏళ్ల సంఖ్య మార్చితే చాలు. దేశాల లెక్కలో ఈ ఆయుష్షుకు 25 ఏళ్ల గరిష్ఠ పరిమితి పెడుతూ వచ్చారు. కాబట్టి రెంట్ వేసిన వరస ఎప్పుడూ గనుల దేశాలను ఉన్నదానికంటే చెడ్డగా చూపిస్తుంది. దీన్ని సర్దడానికి మాకు వారం పట్టింది, ఎందుకంటే పిల్లలు 'సార్, ఏ ఆయుష్షు నిజం?' అని అడిగారు, దానికి నిల్వల గురించి కంపెనీలూ ప్రభుత్వాలూ చెప్పేదే ఆధారమని, కొత్త నిక్షేపం దొరికినా ధర పెరిగినా ఆ ఆయుష్షు మారుతుందని ఉదాహరణలతో చూపించాల్సి వచ్చింది.

ధర సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. జాంబియా వరసను గ్రాఫుగా గీస్తే అంతర్జాతీయ రాగి ధర దాని మీద స్వారీ చేస్తున్నట్టు ఉంటుంది. ధర పెరిగిన ఏడాది తవ్వింది అంతే అయినా రెంట్ పెరుగుతుంది, తరుగుదల పెరుగుతుంది, సవరించిన పొదుపును కిందికి లాగేస్తుంది. ధర పడిన ఏడాది దేశంలో జనం నిజంగా ఇబ్బంది పడుతుంటే ఈ ఒక్క కాలమ్ మాత్రం తేలికపడినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్క ఏడాది అంకె తీసుకుని రెండు దేశాలను పోల్చవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను, కనీసం పదేళ్ల సగటు తీసుకోమన్నాను. పైగా ప్రపంచ బ్యాంకు పాత ఏళ్ల అంకెలను కూడా కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా సవరిస్తుంది. ఒకప్పుడు టన్ను బొగ్గుపులుసు వాయువుకు 30 డాలర్ల నష్టం కట్టేవాళ్లు, తర్వాత 40 డాలర్లు చేశారు. అందుకని రెండు దేశాల డేటా ఒకే రోజు, ఒకే డౌన్‌లోడులో దించుకోవాలి. నేను ఇక్కడ శాతాలు రాయకుండా పద్ధతి రాస్తున్నది కూడా ఇందుకే, మీరు దించుకునే రోజుకు అవి మారి ఉంటాయి.

తీసేయని వజ్రం

తప్పులన్నీ సర్దాక పట్టిక అందంగా వచ్చింది. బోట్స్వానా పైన, జాంబియా కింద. ప్రొజెక్టరు మీద వేసి చూస్తున్నాం. గ్రూపులో కర్నూలు జిల్లా తుగ్గలి వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆ వైపు సంగతి తెలిసిందే కదా, జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, ఇటు మన వజ్రకరూరు చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం నేల చూస్తూ తిరుగుతారు, వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. ఆ అమ్మాయి వాళ్ల అవ్వ ఇప్పటికీ వాన పడితే కొంగు బిగించి చేనికి పోతుందట. ఆ అమ్మాయి పట్టికలో ఒక గడి మీద వేలు పెట్టి అడిగింది: 'సార్, వజ్రాల దేశం అంటిరి కదా, మరి తీసేసిన లెక్కలో వజ్రాలే కనపడల్యా?'

ఆ గడిలో బోట్స్వానా ఖనిజాల తరుగుదల చాలా చిన్న అంకెగా ఉంది. ప్రపంచంలోనే అత్యంత విలువైన వజ్రాల గనుల్లో ఒకటైన జ్వానెంగ్ ఉన్న దేశానికి అంత చిన్న అంకె ఎలా వస్తుంది? నేను ఆ గడిని ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారీ ఆగి అడగలేదు. అప్పుడు కూర్చుని నిర్వచనం మొదటినుంచి చదివాం. ఖనిజాల తరుగుదలలో లెక్కించేవి పది: తగరం, బంగారం, సీసం, జింకు, ఇనుము, రాగి, నికెల్, వెండి, బాక్సైటు, ఫాస్ఫేటు. వజ్రం లేదు.

కాబట్టి బోట్స్వానా గడిలో కనిపిస్తున్నది సెలెబి ఫిక్వే దగ్గర 2016లో మూతపడిన రాగి, నికెల్ గని లాంటి వాటి తరుగుదల. దేశాన్ని నిలబెట్టిన సరుకు ఆ గడిలోకి రానేలేదు. వజ్రాలు అమ్మిన డబ్బు మాత్రం స్థూల పొదుపులో పూర్తిగా వచ్చి కూర్చుంది. అంటే చీనీ కాయలు అమ్మిన డబ్బు రాబడిలో రాసి, బోరు నీళ్లను అసలు రాయకుండా వదిలేసినట్టు. అటు జాంబియా ప్రధాన సరుకు రాగి, అది ఆ పదింటిలో ఉంది, ప్రతి ఏడూ నిక్కచ్చిగా తీసేశారు. జాంబియాలో దొరికే పచ్చలు, కోబాల్టు మాత్రం ఆ పదింటిలో లేవు, కానీ రాగి ముందు అవి చిన్నవి. ఒక దేశం ఇంటి సామాను మొత్తం తూచి, ఇంకో దేశం ఇంట్లో బీరువా తెరవకుండా తూచిన లెక్క ఇది. ఈ తూకంతో ఎవరు పొదుపరో చెప్పడం తప్పు. రిపోర్టులో ఆ వాక్యం కొట్టేయమని నేను చెప్పేలోపే పిల్లలు కొట్టేశారు.

సరే, కొట్టేసి ఊరుకుంటే ప్రాజెక్టు ఎట్లా? వజ్రాల తరుగుదలను మేమే ఒక వరసగా కలపాలని చూశాం. అక్కడ వజ్రాలు తవ్వే కంపెనీ డెబ్స్వానా, అందులో ప్రభుత్వానికి సగం, డీబీర్స్ అనే వజ్రాల కంపెనీకి సగం వాటా. ఉత్పత్తి అంకెలు బహిరంగంగానే ఉంటాయి, 2023లో సుమారు 2 కోట్ల 47 లక్షల క్యారెట్లు, ల్యాబ్‌లో చేసిన వజ్రాలు వచ్చి గిరాకీ పడిపోయాక 2024లో సుమారు 1 కోటి 79 లక్షలు. కష్టం క్యారెట్ ధర దగ్గర వస్తుంది. రాగి టన్ను ఎక్కడైనా రాగే, దానికి రోజూ అంతర్జాతీయ ధర ఉంటుంది. వజ్రం అట్లా కాదు, పరిమాణం, రంగు, స్వచ్ఛత బట్టి ఒక్కోదానికి ఒక్కో ధర. వజ్రాలు ఆ జాబితాలోకి రాకపోవడానికి ఇలాంటి ఇబ్బందులే కారణమై ఉంటాయని నా అనుకోలు. అందుకని మేం ఒక్క అంకె వేయలేదు. అమ్మకం విలువ 100లో ఖర్చులు పోను మిగులు 40 అయితే ఎట్లా, 50 అయితే ఎట్లా, 60 అయితే ఎట్లా అని మూడు రకాలుగా వేసి, ఆయుష్షు 15 ఏళ్లు, 25 ఏళ్లు అని రెండు రకాలుగా వేశాం. ఆరు గడులు వచ్చాయి. ఆరింట్లోనూ బోట్స్వానా అంకె కిందికి దిగింది, మిగులు ఎక్కువ, ఆయుష్షు తక్కువ అనుకున్న గడిలో బాగా దిగింది. పిల్లలు రిపోర్టులో ఒక్క అంకెకు బదులు ఆ ఆరు గడులనూ యథాతథంగా పెట్టారు. ఇది సరైన పని అని నా గట్టి నమ్మకం. అనుమానం ఉన్నచోట పరిధి చూపించాలి, ఒకే అంకె వేసి ధైర్యంగా ఉన్నట్టు నటించకూడదు.

అయితే ఇక్కడ బోట్స్వానాకు న్యాయం చేయాల్సింది కూడా ఉంది. వజ్రాలు తీసేయని పట్టిక ఆ దేశాన్ని అనవసరంగా పొగిడిందన్నంత మాత్రాన ఆ దేశం పొదుపు చేయలేదని కాదు. 1967లోనే గనుల చట్టం చేసి నేల కింది ఖనిజం తెగలది కాదు, దేశానిది అన్నారు, అది కూడా మొదటి అధ్యక్షుడు సెరెత్సె ఖామా సొంత తెగ నేలలోనే, ఒరాపాలో, వజ్రాలు బయటపడిన ఏడాది. 1994లో వజ్రాల డబ్బులో కొంత తర్వాతి తరాలకు దాచే పులా ఫండ్ పెట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్లు సొంతంగా పెట్టుకున్న ఒక కొలత: చదువు, వైద్యం కాకుండా ప్రభుత్వం రోజువారీ నడపడానికి అయ్యే ఖర్చును, ఖనిజాలు కాకుండా వచ్చే ఆదాయంతో భాగిస్తారు. ఒకటి లోపు ఉంటే గనుల డబ్బు అంతా పెట్టుబడికే పోయిందని, ఒకటి దాటితే గనుల డబ్బు తినేస్తున్నారని అర్థం. దాన్ని సస్టెయినబుల్ బడ్జెట్ ఇండెక్స్ అంటారు. కొన్నేళ్లు ఆ గీత దాటారు కూడా. కానీ గీత గీసుకున్నారు, అది గొప్ప విషయం. ప్రపంచ బ్యాంకు తీసేయని వజ్రాన్ని వాళ్లే తమ బడ్జెట్లో తీసేసుకుని చూసుకున్నారు. మా రిపోర్టులో సవరించిన పొదుపు పట్టిక పక్కన ఈ కొలతను పెట్టాం, అప్పుడే ఆ దేశం గురించి ఏదైనా మాట్లాడే అర్హత వచ్చిందనిపించింది.

జాంబియా వైపు ఆ గీత లేదు. 1969, 1970ల్లో గనుల్లో 51 శాతం వాటా ప్రభుత్వం తీసుకుంది, 1974 తర్వాత రాగి ధర కూలింది, ఖర్చు తగ్గించలేక అప్పులు చేశారు, 2000 నాటికి గనులు మళ్లీ ప్రైవేటుకు పోయాయి, 2005లో పాత అప్పుల్లో ఎక్కువ భాగం రద్దయ్యాయి, మళ్లీ అప్పులు చేసి 2020 నవంబర్‌లో వడ్డీ కట్టలేక చేతులెత్తేశారు. ఇది పొదుపు కథే, కానీ తరుగుదల కాలమ్ చూస్తే ఇది తెలియదు, స్థూల పొదుపు కాలమ్ చూడాలి. అందుకని పిల్లలతో చివరి అంకెను విడగొట్టి, ఒక్కో దేశం ఏ వరసలో ఎంత పోగొట్టుకుందో బార్ చార్టు గీయించాను. చివరి అంకె ఒక్కటే ఇచ్చిన రిపోర్టును ఇక మీదట నేను తీసుకోను.

పట్టికలో లేనివి

ఒకసారి వజ్రం తప్పిపోయిందని తెలిశాక పిల్లలు ఇంకేం తప్పిపోయాయా అని వెతకడం మొదలుపెట్టారు.

జాంబియాలో కబ్వే అనే ఊరుంది. అక్కడ సీసం గని తొంభై ఏళ్లు నడిచి 1994లో మూతపడింది, కానీ మట్టిలో సీసం ఉండిపోయింది, పిల్లల రక్తంలో ఇప్పటికీ సీసం ఎక్కువగా ఉంటోంది. సవరించిన పొదుపులో తవ్విన సీసానికి తరుగుదల ఉంటుంది, పాడైన మట్టికీ పిల్లల మెదడుకూ గడి లేదు. 2025 ఫిబ్రవరిలో ఒక రాగి గని వ్యర్థాల కట్ట తెగి ఆమ్లపు నీళ్లు కఫ్యూ నది వైపు పారాయి, చేపలు చచ్చాయి, ఒక నగరానికి తాగునీరు ఆపేయాల్సి వచ్చింది. దానికీ గడి లేదు.

బొగ్గుపులుసు వాయువు గడి ఉంది కానీ అది వదిలినవాడి ఖాతాలో పడుతుంది, బాధపడినవాడి ఖాతాలో కాదు. జాంబియా కరెంటులో ఎక్కువ భాగం నీటి నుంచే వస్తుంది, కాబట్టి ఆ గడి చిన్నది. బోట్స్వానా తన బొగ్గు మీద ఆధారపడుతుంది, కాబట్టి ఆ గడి పెద్దది. ఇక్కడిదాకా న్యాయంగానే ఉంది. కానీ 2024లో కరువు వచ్చి జాంబియా జాతీయ విపత్తు ప్రకటించింది, మొక్కజొన్న ఎండిపోయింది, కరీబా రిజర్వాయరు అడుగంటి ఊళ్లకు ఊళ్లు రోజులో చాలా గంటలు చీకట్లో ఉన్నాయి. ఆ నష్టం ఈ పట్టికలో వాతావరణ నష్టం కింద ఎక్కడా రాదు. ఈ సంగతి చెప్తున్నప్పుడు క్లాసులో సగం మంది రైతుల పిల్లలే అని నాకు గుర్తుంది, వాళ్లలో చాలామంది ఇళ్లలో చెనక్కాయ పంట వాన లేక పోయిన ఏళ్లు ఉన్నాయి.

మనుషుల సంగతీ అంతే. విద్యకు పెట్టిన ఖర్చు కలుపుతారు, కానీ చదివినవాళ్లు చనిపోతే తీసేయరు, గాలి ధూళి వల్ల అయితే తప్ప. బోట్స్వానాలో హెచ్‌ఐవీ వల్ల ఒక తరం నర్సులు, టీచర్లు, గని కార్మికులు పోయారు, 2002లో ఆఫ్రికాలోనే మొదటిసారిగా ప్రభుత్వం దేశమంతా ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టాకే ఊపిరి పీల్చుకున్నారు. ఆ నష్టం ఆ దేశపు అసలు ఆస్తికి తగిలిన దెబ్బ, పట్టికకు అది తెలియదు.

జనాభా ఒకటి. జాంబియాలో 2010లో కోటి 31 లక్షలు, 2022లో కోటి 96 లక్షలు. మొత్తం పొదుపు ప్లస్‌లో ఉన్నా తలా ఒక్కింటికి వచ్చే ఆస్తి తగ్గిపోవచ్చు. నలుగురన్నదమ్ముల పంపకంలో పదెకరాలు రెండున్నర అయినట్టే. పిల్లలు దీన్ని ఇంకో వరసగా లెక్కవేసి చూపించారు, అది ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పేజీ.

ఇక మన దగ్గరికి. పాత కడప జిల్లా మంగంపేటలో ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గురాయి, అదే బెరైటీస్, నిక్షేపం ఉంది. ఆ రాయి పొడి ఎక్కువగా చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలపడానికి పోతుంది. ఆ బావిలోంచి వచ్చే చమురుకు ఏదో ఒక దేశం ఖాతాలో తరుగుదల పడుతుంది. మన బెరైటీస్ ఆ పది ఖనిజాల్లో లేదు కాబట్టి భారతదేశం ఖాతాలో దాని తరుగుదల సున్నా. కడప రాయి, సున్నపురాయి కూడా అంతే. భూగర్భజలం అసలు ఏ దేశానికీ ఈ పట్టికలో లేదు. మా నాయన తోట లెక్కను నేను ప్రపంచ బ్యాంకు పద్ధతిలో వేశాను కానీ, ప్రపంచ బ్యాంకు పట్టికలో ఆ బోరు నీళ్లకు చోటు లేదు. ఇది చెప్పినప్పుడు ఒక అబ్బాయి 'అంటే మన జిల్లా మొత్తం ఎండిపోయినా దేశం పొదుపు తగ్గదా సార్?' అని అడిగాడు. నీళ్ల గడి వల్ల అయితే తగ్గదు, పంట పోయి ఆదాయం తగ్గితే అప్పుడు తగ్గుతుంది, అంటే జరిగిపోయాక తెలుస్తుంది అని చెప్పాను.

ఇంత చెప్పి ఈ కొలత వద్దనడం లేదు. నాకు తెలిసిన కొలతల్లో, ఆస్తి అమ్ముకుని తింటున్నామా లేదా అని సూటిగా అడిగేది ఇదొక్కటే, జీడీపీ ఆ ప్రశ్న అడగదు. వాడండి. వాడేటప్పుడు నేను ఇప్పుడు చేయిస్తున్న పని చేయండి: రెండు దేశాల ముఖ్యమైన ఎగుమతులు నాలుగైదు రాసుకుని, ఒక్కోటి ఆ జాబితాలో ఉందో లేదో టిక్ పెట్టండి. ఒక దేశానికి టిక్కులన్నీ పడి, ఇంకో దేశానికి మొదటి సరుకే లేకపోతే ర్యాంకు రాయొద్దు. నీటి కొరత ఉన్న దేశాలైతే ఐక్యరాజ్యసమితి పర్యావరణ లెక్కల పద్ధతిలో వాళ్లు సొంతంగా వేసిన నీటి ఖాతాలు ఉన్నాయేమో చూడండి, బోట్స్వానా ఖనిజాలకూ నీటికీ అలాంటి ఖాతాలు వేసింది.

రిపోర్టు చివరి డ్రాఫ్టులో కొట్టేసిన వాక్యం చోట ఇలా ఉంది: 'ఈ పట్టికలో జాంబియా రాగి తీసివేయబడింది, బోట్స్వానా వజ్రం తీసివేయబడలేదు. మేము వజ్రానికి వేసిన ఆరు అంచనాలు తర్వాతి పేజీలో ఉన్నాయి.' వైవాకు వచ్చిన బయటి ఎగ్జామినరు ముగింపు లేదేంటని అడిగి రెండు మార్కులు తగ్గించారు. పిల్లలు కాస్త బాధపడ్డారు, నేను మాత్రం ఆ రెండు వాక్యాలను మార్చనివ్వలేదు.

తుగ్గలి అమ్మాయి ఇప్పుడు ఎం.ఏ.లో చేరింది. వచ్చే తొలకరికి వాళ్ల ఊళ్లో పేర్లు లేకుండా ఒక చిన్న సర్వే చేస్తానంటోంది, వజ్రం దొరికి అమ్ముకున్న ఇళ్లలో ఆ డబ్బు ఏమైందని. ప్రశ్నల కాగితం నాకు పంపింది. అప్పు తీర్చారా, ఇల్లు కట్టారా, పెళ్లి చేశారా, పిల్లల్ని చదివించారా, బోరు వేయించారా అని గడులు పెట్టింది. బోరు గడి పక్కన ఇంకో గడి కలపమన్నాను: నీళ్లు పడ్డాయా, లేదా.